108కి ఫోన్ చేస్తే అన్ని ప్రశ్నలెందుకు?

నేనుండే సైనిక్‌పురికి దగ్గర్లోనే, మేడ్చల్ రోడ్డు వైపు దేవరయాంజాల్‌లో, ఈఎంఆర్‌ఐ క్యాంపస్ ఉంది. అదే, మన 108 వాళ్లది.

ఒకప్పుడు అంబులెన్స్ కావాలంటే ఆసుపత్రి నంబరు వెతుక్కోవాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక ఒక్క నంబరు చాలు. 2009లో సత్యం కుంభకోణం తర్వాత నిర్వహణ రామలింగరాజు కుటుంబం నుంచి జీవీకేకి వెళ్లింది. నంబరు మాత్రం మారలేదు.

అసలు మార్పు బండిలో లేదు, సమాచారంలో ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది అని ప్రతి కాల్ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఏ రోడ్డులో యాక్సిడెంట్లు ఎక్కువ, ఏ ఊరికి కాన్పులప్పుడు బండి కావాలి అనేది ఆ లెక్కల్లోనే తెలుస్తుంది.

అందుకే వాళ్లు అడిగితే విసుక్కోకండి. దగ్గర్లోని గుడో, స్కూలో గుర్తు చెప్పండి. మీ జవాబు ఈరోజు ఒకరికి, రేపు ఊరందరికీ పనికొస్తుంది.