జోనంగికి పని పోయింది

మూసారాంబాగ్ అంటే మూసా అనే ఆయనా, రాముడనే ఆయనా కలిసి వేసిన తోట కాదు. నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని మొస్యే రేమండ్ పేరు మనవాళ్ళ నోళ్ళలో నలిగి నలిగి అలా తేలింది. ఆయన 1798లో పోయాడు. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఇప్పటికీ ఉంది. అక్కణ్ణుంచి ఇంకాస్త తూర్పుకెళ్తే వనస్థలిపురం. అక్కడి హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటస్థలం. 1975లో జింకల పార్కయింది, 1994లో నేషనల్ పార్కయింది.

వేటస్థలం పార్కయిపోయినా వేటకుక్కలు మాత్రం ఈ వైపుకి మళ్ళీ వచ్చాయి. ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డో, విజయవాడ రోడ్డో పట్టుకుంటే కనిపిస్తాయి. పెంచేది నవాబులు కాదు, మనవాళ్ళే. అరెకరమో ఎకరమో కొనడం, ఓ రెండు గదులు వెయ్యడం, నాలుగు మేకలూ పది నాటుకోళ్ళూ తేవడం, కాపలాకని ఓ ముధోల్ పిల్లని తెచ్చి వదలడం. వారమంతా మీటింగులు, శనివారం పొలం. ఏడాది తిరిగేసరికి కోళ్ళుండవు. ఆ తర్వాత కుక్కా ఉండదు. "ఏ జాతి కుక్కయితే మేకల జోలికి పోదు?" అని అప్పుడు అడుగుతారు.

ఆ ప్రశ్నే సరైంది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మన చరిత్రలోకే కాస్త వెళ్ళాలి.

దొరల వేటకుక్కల సంగతి వదిలెయ్యండి. వాటిని కట్టెయ్యడానికీ విప్పడానికీ మనుషులుండేవాళ్ళు. పేదవాడికి మాత్రం కుక్కా, పశువూ ఒకే చోట బతకాలి. లంబాడీల సంగతే చూడండి. రైళ్ళు రాకముందు దక్కనులో ఉప్పూ ధాన్యమూ ఊరూరా తిరిగింది వాళ్ళ ఎద్దుల మీదే. 1803లో మరాఠాలతో యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికి తిండిగింజలు మోసింది కూడా వాళ్ళే. వాళ్ళ వెంట వేటకుక్కలుండేవి. కుందేలుని తరిమి పట్టే కుక్కే రాత్రి బిడారులో ఎద్దుల మధ్య పడుకునేది. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకి రైలొచ్చింది. రైళ్ళు పెరిగేకొద్దీ బిడార్లు తగ్గాయి, వాటితోపాటే కుక్క పనీ తగ్గింది.

ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ కొల్లేరు. జోనంగి జాగిలం పేరు విన్నారా? పేపర్లో పోలీసు కుక్కలన్నిట్నీ జాగిలాలని రాసేస్తుంటారు గానీ, జాగిలమంటే వేటకుక్క. జోనంగి కోస్తా ఆంధ్ర కుక్క. పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్ళు. మామూలు కుక్కల్లా మొరగదు, ఒకలాంటి రాగం తీస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. నీళ్ళలోకి దిగి చేపని పట్టగలదు. ఇంత వేట తెలిసిన కుక్కని కొల్లేటి బాతులవాళ్ళు దేనికి పెట్టుకున్నారయ్యా అంటే, బాతుల మందని తోలడానికి! ప్రపంచంలో బాతు కంటే తేలిగ్గా చచ్చే జీవం ఇంకోటి ఉండదేమో, దానికి కాపలా వేటకుక్క.

ఇదెలా కుదిరింది? ఇక్కడ ఇంకో రేమండ్‌ని పిలవాలి. అమెరికాలో హాంప్‌షైర్ కాలేజీ జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్, ఆయన భార్య లోర్నా 1970ల నుంచి మందల కాపలా కుక్కల మీద ఏళ్ళతరబడి పనిచేశారు. వాళ్ళు చెప్పింది స్థూలంగా ఇదీ: వేట అనేది ఒక్క పని కాదు, కొన్ని మెట్లు. చూడటం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం, తినడం. మంద తోలే కుక్కలో తరిమేదాకా ఉంటుంది, చంపే మెట్టు అణిగిపోతుంది. వేటకుక్కలో చాలా మెట్లు అలాగే ఉంటాయి. ఆ మెట్లు వంశాన్ని బట్టి వస్తాయి. ఎవరు తనవాళ్ళు, ఎవరు వేట అన్నది మాత్రం పిల్ల వయసులో, ఇంచుమించు మూడో వారం నుంచి పదహారో వారం లోపల ఎవరి మధ్య పెరిగిందో దాన్ని బట్టి చాలావరకు స్థిరపడుతుంది. ఇది పాత సంగతే. 1830లలో డార్విన్ దక్షిణ అమెరికాలో తిరిగినప్పుడు, అక్కడివాళ్ళు కుక్కపిల్లని తల్లి నుంచి విడదీసి, గొర్రె పాలు తాగించి, గొర్రెల దొడ్లోనే ఉన్నిపక్క వేసి పెంచడం చూసి రాసుకున్నాడు.

అయితే పెంపకం ఒక్కటే చాలదు. బాతులవాడు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా మంద వెంటే నడుస్తాడు. కుక్కకి రోజూ పనుంది, అదిలించే మనిషున్నాడు, వేళకి తిండుంది. బాతుకి రక్షణ కుక్క జాతి కాదు, ఈ మూడూ.

తర్వాత జరిగింది చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1970ల నుంచి కొల్లేట్లో చేపల చెరువులు పెరిగాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో అక్రమ చెరువుల గట్లు పేల్చారు. ఈ గొడవల్లో పక్షుల గురించీ, చేపల గురించీ, ఓట్ల గురించీ మాట్లాడినవాళ్ళున్నారు. కుక్కని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బాతులవాళ్ళు చేపల్లోకి మారిపోయాక జోనంగి బెంచి మీదకెళ్ళింది. మన బెంచికి జీతమైనా వస్తుంది, దానికి ముద్ద కూడా లేదు. తిండి పెట్టేవాడు లేక అది చెరువుల్లో చేపల మీదా, ఊళ్ళో జీవాల మీదా పడింది. నిన్నటిదాకా కాపలాకుక్క, ఇవాళ పీడ. రైతులు ఊరుకుంటారా? 2005లో తపాలా శాఖ హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్, ముధోల్, రాజపాళయం కుక్కల మీద బిళ్ళలు వేసింది. అందులో జోనంగి లేదు.

కుక్క మారలేదు. దాని పక్కనుండే మనిషీ, చేతిలో పనీ పోయాయి.

కాబట్టి పొలంలో వేటకుక్కని పెట్టాలనుకుంటే జాతి గురించి తర్వాత ఆలోచించండి. ముందు అక్కడ రోజూ ఉండే మనిషెవరో చూసుకోండి. రెండు నెలల పిల్లని తెచ్చి, మేకల దొడ్డి పక్కనే, అవి కనపడేలా పెంచండి. ఏడాదిన్నర దాకా మనిషి లేకుండా మందలో వదలొద్దు. పరిగెత్తే కోడి వెంట సరదాగా పడినా అక్కడే ఆపాలి, ఎందుకంటే మొదటి మెట్టు ఆటలాగే ఉంటుంది. రెండు కుక్కల్ని కలిపి అసలు వదలొద్దు, ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోతాయి. రోజూ మంద లేనిచోట తాడుతో బాగా తిప్పండి. రాత్రి కోళ్ళని గూట్లో పెట్టి తలుపెయ్యండి. ఒకసారి రుచి మరిగితే ఆ కుక్కని కోళ్ళ మధ్య ఇక ఎప్పుడూ నమ్మకూడదు.

ఇదంతా శనివారం శనివారం వచ్చి వెళ్ళేవాళ్ళతో అయ్యే పని కాదు. అలాంటివాళ్ళకి గట్టి కంచె చాలు, కుక్క అక్కర్లేదు. రోజూ పక్కన నడిచే మనిషిని ఇవ్వలేనప్పుడు దాన్ని తెచ్చి, తర్వాత నేరం దాని మీద వెయ్యడం న్యాయం కాదు.