సైకిలు వెనుక గూడుబండి

బాటసారి తన గూటిని తనతో గొనిపోవలెనను కోరిక నేటిది గాదు. పదునేడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే, పది పండ్రెండు వేల యెద్దులపై ధాన్యమును, ఉప్పును మోయించుచు సాగు బిడారులను వర్ణించెను. ఆ బిడారులవారు ఆలుబిడ్డలతో గుడారములందే జీవించెడివారు. నేడు మాచర్ల, గురజాల ప్రాంతములందలి తండాలలో నున్న లంబాడీల పూర్వులు అట్టి బిడారులు నడిపినవారే. వారు చక్రమును గాక యెద్దు వీపును నమ్మిరి. బాట లేనిచోట చక్రము సాగదు గదా!

బాట గలచోట గూడుబండి నడచినది. కోటప్పకొండ తిరునాళ్ళకు బండి కట్టుకొని వచ్చిన కుటుంబమునకు ఆ గూడే పగలు నీడ, రాత్రి పడకటిల్లు. పల్నాటి బడులలో తెలుగు చెప్పిన నేను, సంస్కృతమున అక్షమనబడు ఇరుసు మహిమను బండి తోలువారి వలననే గ్రహించితిని. ఇరుసునకు ముందు బరువు మిక్కుటమైనచో కాడి యెద్దుల మెడలను నొక్కును. వెనుక మిక్కుటమైనచో కాడి పైకెగసి మెడత్రాళ్ళు గొంతుకలను బిగించును. బరువు కొంచెము ముందునకు మొగ్గునట్లు సర్దుటయే వారి నేర్పు.

1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ రెండు చక్రముల వాహనమును నడిపెను. 1888లో డన్లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. ఇప్పుడు కొందరు సైకిలు వెనుక చిన్న గూడుబండి తగిలించి, అందే పరుండుచు దేశాటనము చేయుచున్నారు. ఇచ్చట ఎద్దు స్థానమున మనుష్యుడే యున్నాడు. ప్రతి కిలో బరువును వాని మోకాళ్ళే భరింపవలెను.

అట్టి బండికి మన పాత నేర్పే చాలవరకు పనికివచ్చును. శివరాత్రికి కోటప్పకొండకు దెచ్చు ప్రభలను జూడుడు. వెదురు బొంగులతో అంతెత్తున గట్టి, మోకులతో నిలుపుచు చక్రములపై నడిపింతురు. గూటికిని వెదురు చట్రము, దానిపై గుడ్డ చాలును. అయితే ఎత్తైన గూడు గాలికి తెరచాప యగును. కనుక నడచునపుడు మడచి, విడిదిలో విప్పునట్లు కట్టవలెను. పడక ఇరుసునకు వీలైనంత దిగువగా నుండవలెను. సామాను ఇరుసునకు కొంచెము ముందుండవలెను. సైకిలు ప్రక్కకు ఒరగినపుడు బండి కూడ ఒరగకుండ, తగిలించు కీలు అన్ని దిక్కులకు తిరుగవలెను. పల్లమున ఎద్దు కాళ్ళు తన్నిపెట్టి బండిని ఆపగలదు. సైకిలునకు ఆ శక్తి లేదు, బ్రేకులు గట్టివై యుండవలెను. మన బాటల తుమ్మముండ్లకు ఓర్చు టైర్లును వలయును.

మన వడ్రంగి యెద్దు మెడను తలచి యిరుసు నమర్చెను. ఈ క్రొత్త గూటిని కట్టువాడును తన సుఖమును గాక, ఎండలో ఎత్తు ఎక్కు కాళ్ళను ముందుగా తలపవలెను. అప్పుడే రైలు టిక్కెట్టుకును, సత్రపు గదికిని సొమ్ము లేనివాడు సైతము దేశమును చూడగలుగును.