ఉజ్జయినీ మహాకాళి గుడి

దేవాలయములన్నియు రాజులే కట్టించిరని తలఁచువారు సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి గుడిచరిత్రము నెఱుఁగవలయును. 1806లో సికందర్ జా పేర వెలసిన యీ దండుపట్టణమున 1813లో గత్తర, అనఁగా విషూచి, చెలరేఁగెను. అప్పుడు పటాలముతో నుజ్జయినికిఁ బోయియున్న సురిటి అప్పయ్య యను డోలీ మోయువాఁడు ఊరివారి ప్రాణములకై దేవికి మ్రొక్కుకొని, మరలివచ్చి, 1815లో నిచ్చట దారువిగ్రహమును బ్రతిష్ఠించెనని స్థలచరిత్రము చెప్పుచున్నది. 1864లో దాని స్థానమున శిలావిగ్రహము నెలకొనెను. నూయి త్రవ్వుచుండఁగా దొరకిన మాణిక్యాలమ్మ విగ్రహమును అమ్మవారి చెంతనే పూజలందుకొనుచున్నది.

ఆ రోగము మలినజలమువలనఁ బ్రబలునని 1854లో లండను వైద్యుఁడు జాన్ స్నో నిదర్శనపూర్వకముగాఁ జూపెను. అప్పయ్యకుఁ దెలియ నవకాశములేని యీ సంగతి మనకుఁ దెలియును. ఆషాఢమున బోనములెత్తు మనము ఇరుగుపొరుగుల త్రాగునీటిని శుభ్రముగా నుంచుటయు నా మ్రొక్కులోని భాగమే. అతఁడు కోరినది తన యొక్కని క్షేమము కాదు, ఊరి క్షేమము.