వానను కొలిచిన జమీందారు

శ్రీకాకుళమునకు చేరువ, జాతీయరహదారి నానుకొనియున్న ఎచ్చెర్లలో 2008 నుండి అంబేద్కరు పేరిట విశ్వవిద్యాలయము నడచుచున్నది. అచ్చట చదువుకొను యువకులకు, సంఖ్యలను సేకరించి నగరజీవనమును చక్కదిద్దవచ్చునను భావము తమ కాలమున పుట్టినదిగా తోచుట సహజము. కాని ఉత్తరాంధ్ర తీరమున ఆ యత్నము నూటయెనుబది యేండ్లకు పూర్వమే, అదియును ఒక తెలుగువాని సొంత ధనముతో, ఆరంభమైనది.

గోడే వెంకట జగ్గారావు సంపన్నమైన జమీందారీ కుటుంబమున జన్మించి, మదరాసు వేధశాలాధిపతియైన టేలరు కడ ఖగోళవిద్య నభ్యసించి, 1840లో విశాఖపట్టణమున డాబాగార్డెన్సులోని తన నివాసమున వేధశాలను నెలకొల్పెను. శ్రీమంతుడొకడు దూరదర్శినిలో గ్రహములను చూచి సంతోషించుట అంత యరుదు కాదు. ఆయన చూపు నేలమీదికి, సామాన్యుని వాకిటిలో కురియు వానమీదికి కూడ మరలుటయే నాకు పూజ్యముగా కనబడుచున్నది.

ఆయన కల్పించిన వర్షమాపకము చూచుటకు అత్యల్పమైన వస్తువు: ఒక సీసా, దానిపై 4.697 అంగుళముల వ్యాసముగల గరాటు. ఆ విచిత్రమైన కొలతలోనే ఆయన ప్రతిభయంతయు నిమిడియున్నది. అంత వైశాల్యముపై అంగుళములో పదియవవంతు వాన కురిసినచో సీసాలో చేరు నీరు సరిగా ఒక ఔన్సగును. కావున గుణకారభాగహారములతో పనిలేక, మందు కొలుచు ఔన్సుగ్లాసు చేతనున్న ఏ గుమాస్తాయైనను, ఏ బడిపంతులైనను, ఉదయమున నీటిని వంచి చూచి, నిన్నటి వాన ఇంతయని తడుముకొనక చెప్పగలడు. శాస్త్రజ్ఞుడు చేయవలసిన గణితమును ముందే తాను చేసి గరాటు అంచులో బంధించి, ఫలమును మాత్రము లోకమునకు విడిచిన ఔదార్యమిది.

ఆ కొలతల అక్కఱ ఎంతటిదో అనంతర చరిత్ర తెలిపినది. 1864లో కలకత్తాను తుపాను ధ్వంసము చేసెను. 1866నాటి క్షామము ఒరిస్సాతోపాటు, చికాకోలు (నేటి శ్రీకాకుళము) చేరియున్న గంజాము జిల్లాను గూడ పీడించెను. ఇట్టి విపత్తుల పిమ్మటనే, 1875లో, ప్రభుత్వము భారత వాతావరణశాఖను స్థాపించినది. జగ్గారావు వేధశాల అప్పటికి ముప్పదియైదేండ్లది.

1856లో ఆయన గతింపగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ భారము వహించి, 1868నాటి సూర్యగ్రహణమును, 1874నాటి శుక్రసంక్రమణమును పరిశీలించుటయే గాక, వాతావరణపు లెక్కలను శ్రద్ధతో నడపెను. డాల్ఫిన్ నోస్ కొండపైనుండి జెండా ద్వారా ఓడలవారికిని పురజనులకును సరియైన వేళ తెలుపు ఏర్పాటు ఆ వేధశాల చేసిన మఱియొక సేవ. ఒక పట్టణమంతయు ఒకే గడియారమును నమ్ముకొని వర్తించుటను నేను చిన్న విషయముగా నెంచజాలను.

మన కాలమున, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసవద్ద తీరము దాటినప్పుడును, ముందుగా అందిన హెచ్చరికలు పెక్కు ప్రాణములను కాపాడినవి. ఉద్దాన ప్రాంతమున కొబ్బరి, జీడితోటలను మాత్రము కాపాడలేకపోయినవి. నేడు ఉపగ్రహములున్నవి, రాడారులున్నవి. వాన లెక్కలు మండలముల వారీగా జిల్లా కార్యాలయములకు చేరుచున్నవి. ఆ లెక్కలను ప్రతి ఉదయమును ఎచ్చెర్ల పంచాయితీ గోడపై, రైతు చదువుకొనునట్లు పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని నా విన్నపము.