కెరీర్ మాస్టారు కథ

మా రోజుల్లో పదో తరగతి ఫలితాలు పేపర్లోనే చూసుకోవాలి. 1978 వేసవిలో బస్టాండు దగ్గర టీ కొట్టులో ఒకే పేపరు మీద ఇరవై తలకాయలు వంగి ఉండటం నాకింకా గుర్తే. నా నంబరు కనపడింది. ఆ సంతోషం ఒక పూట నిలిచింది. పొద్దుగూకేసరికి ఇంట్లో ప్రశ్న మొదలైంది: ‘ఇప్పుడు వీణ్ణి ఏంట్లో చేర్పించాలి?’

నాన్నకు తెలియదు. నాకు అసలే తెలియదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్లాడు. మాస్టారు మార్కులు చూసి, “లెక్కల్లో బాగానే వచ్చాయిగా, ఎంపీసీలో వేయండి” అన్నారు. రెండు నిమిషాల్లో నా బతుకు దారి ఖాయమైపోయింది. ఆయన్ను తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. తర్వాత నేనూ మాస్టారినయ్యాను. ముప్పై ఏళ్లు నా దగ్గరికొచ్చిన తండ్రులందరికీ నేనూ ఆ రెండు నిమిషాల సలహాయే ఇచ్చాను.

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, బడి భవనాల చరిత్ర, హెడ్మాస్టర్ల పరంపర మిగతా మిత్రులు రాస్తారని తెలుసు. అందుకని మన బళ్లోకి రావాల్సి ఉండీ రాని ఒక మాస్టారి చరిత్ర రాస్తున్నాను. ప్రభుత్వ నివేదికల్లో ఆయన పేరు ‘కెరీర్ మాస్టర్’.

బోస్టన్‌లో మొదలు

చదువు ముగిసిన పిల్లవాడికి పని దారి చూపించడం కూడా ఒక శాస్త్రమేనని మొదట గట్టిగా చెప్పినవాడు అమెరికాలోని ఫ్రాంక్ పార్సన్స్. 1908లో బోస్టన్ నగరంలో ఆయన ఒక వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. అదే ఏడాది కన్నుమూశాడు. ఆయన పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది. ఆయన చెప్పినవి మూడే సంగతులు: పిల్లవాడు తన్ను తాను తెలుసుకోవాలి, లోకంలో ఉన్న పనుల్ని తెలుసుకోవాలి, ఆ రెంటినీ కలిపి నిదానంగా ఆలోచించాలి. నూరేళ్లు దాటినా ఈ మూడు మెట్లనూ ఎవరూ కొట్టిపారేయలేదు.

1909లో బోస్టన్ బళ్లలో వందకు పైగా ఉపాధ్యాయులను వృత్తి సలహాదారులుగా నియమించారు. ఆ కేంద్రం వాళ్లే వారికి ఉపన్యాసాలిచ్చి తయారుచేశారు. 1911లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వేసవి సెలవుల్లో ఇదే విషయం మీద కోర్సు పెట్టింది. అయితే ఆ ఉపాధ్యాయులకు పాఠాలు తగ్గించలేదు, జీతమూ పెంచలేదు. ఉన్న పనికి ఇంకో పని కలిసిందంతే. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి. మన దేశంలో జరిగినదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో

మన దేశంలో ఈ పని 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు అనువర్తిత మనోవిజ్ఞాన శాఖలో మొదలైంది. 1941లో బొంబాయిలో బాట్లీబోయ్ పేరుతో ఒక వృత్తి మార్గదర్శక కేంద్రం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే అలహాబాదులో ప్రభుత్వ మనోవిజ్ఞాన కేంద్రం ఏర్పడింది. ఇవన్నీ నగరాల కబుర్లు. పల్లెటూరి హైస్కూలు దాకా ఈ ఆలోచనను తెచ్చింది 1952లో నియమితమైన మాధ్యమిక విద్యా సంఘం. దాని అధ్యక్షుడు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు.

1953లో వచ్చిన ఆ నివేదిక హైస్కూలు చదువును ఏడు పాయలుగా విడదీయమంది: మానవీయ శాస్త్రాలు, విజ్ఞానం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలిత కళలు, గృహ విజ్ఞానం. అందుకోసం పుట్టినవే మల్టీపర్పస్ హైస్కూళ్లు. పాయలు ఏడైతే ఏ పిల్లవాడు ఏ పాయలోకి పోవాలో చెప్పేవాడు కావాలి కదా. అందుకే శిక్షణ పొందిన మార్గదర్శక అధికారులనూ, కెరీర్ మాస్టర్లనూ అంచెలంచెలుగా అన్ని బళ్లకూ అందించమంది. వారికి శిక్షణ ఇచ్చే కేంద్రాలను వివిధ ప్రాంతాల్లో తెరిచే బాధ్యత కేంద్ర ప్రభుత్వానిదంది. రకరకాల పరిశ్రమల్లో పని ఎలా ఉంటుందో పిల్లలకు సినిమాలు తీసి చూపించమని కూడా అంది. 1954లో ఢిల్లీలో కేంద్ర విద్యా, వృత్తి మార్గదర్శక సంస్థ వెలిసింది.

కెరీర్ మాస్టరంటే కొత్తగా ఉద్యోగంలోకి తీసుకునే మనిషి కాదు. బళ్లో ఉన్న ఉపాధ్యాయుల్లోనే ఒకరికి కొన్నాళ్లు శిక్షణ ఇచ్చి, పై చదువుల సమాచారం సేకరించడం, గోడకు అంటించడం, పిల్లలతో మాట్లాడటం అప్పజెప్పాలి. ఆలోచన మంచిదే. ఖర్చూ తక్కువే. చిక్కంతా అక్కడే ఉంది. ఆయన లెక్కలో, ఇంగ్లీషో చెప్పాల్సిన పీరియడ్లు అలాగే ఉన్నాయి. టైంటేబుల్లో ఈ పనికి గంట లేదు. శిక్షణకు వెళ్లొచ్చిన మాస్టారికి బదిలీ అయితే ఆ జ్ఞానం కూడా ఆయనతోపాటే బస్సెక్కి పోయేది.

1964లో డి.ఎస్. కొఠారి అధ్యక్షతన నియమించిన విద్యా సంఘం ఈ లోటును కనిపెట్టింది. 1966 నివేదికలో అది చెప్పినవి రెండు. పది హైస్కూళ్లకు కలిపి ఒక సలహాదారు ఉండాలి, ఆయన బడి బడికీ తిరగాలి. అంతకంటే ముఖ్యమైనది రెండోది. మార్గదర్శకత్వం ఒక్కరి పని కాదు కాబట్టి, ఉపాధ్యాయ శిక్షణలోనే ప్రతి హైస్కూలు ఉపాధ్యాయుడికీ దాని మొదటి పాఠాలు నేర్పాలి. ఈ రెండో మాట సగం నెరవేరింది. ‘మార్గదర్శకత్వం, మంత్రణం’ అనే అధ్యాయం మన విద్యా మనోవిజ్ఞాన పుస్తకాల్లోకి వచ్చింది. మేమంతా బీఎడ్‌లో దాన్ని చదివాం. నిర్వచనాలు కంఠతా పట్టాం. పరీక్షలో రాశాం. కానీ ఒక్క పిల్లవాడి ఎదుట కూర్చుని, ‘నీకేమిష్టం నాయనా’ అని అడిగే సాధన మాత్రం ఒక్కరోజూ చేయలేదు.

పల్నాడులో మారిన పనులు

బళ్లో మార్గదర్శకుడు లేకపోయినా లోకం ఆగలేదు. పల్నాడులో పనుల రూపం మన కళ్లముందే మారింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. జొన్న, సజ్జ పండిన మెట్టలకు కుడి కాలువ నీళ్లొచ్చాయి. వరి, పత్తి, మిర్చి పెరిగాయి. ట్రాక్టర్లు, మోటార్లు, ఎరువుల కొట్లు, జిన్నింగు మిల్లులు వచ్చాయి. అంతకుముందే 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు పెరిగాయి. 1950లోనే నరసరావుపేటలో ఎస్.ఎస్.ఎన్. కాలేజీ రావడంతో డిగ్రీ చదువు అందుబాటులోకి వచ్చింది.

అంటే ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, సర్వేయరు, ల్యాబ్ సహాయకుడు వంటి పనులు మన ఊళ్ల పక్కకే నడిచొచ్చాయి. మన పిల్లలకు తెలిసిన ఉద్యోగాలు మాత్రం అవే: మాస్టారు, కరణం, పోలీసు, ఆర్టీసీ డ్రైవరు, డాక్టరు. ఫ్యాక్టరీ సైరను రోజూ వినపడుతున్నా లోపల ఎవరు ఏ పని చేస్తారో, ఆ పనికి ఏం చదవాలో బళ్లో చెప్పినవారు లేరు.

అదే కాలంలో చదువు మెట్లూ మారాయి. 1969–70లో మన రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. దారులు చీలే చోటు పదో తరగతి దగ్గరకు జరిగింది. పదిహేనేళ్ల పిల్లవాడు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీలలో ఒకటి ఎంచుకోవాలి. తర్వాత ఎంసెట్ వచ్చింది. ఇంజనీరింగు, డాక్టరు తప్ప తక్కినవన్నీ ఓడిపోయినవాళ్ల దారులన్న భావన ఇళ్లలో పాతుకుపోయింది. పేపర్లలో చదువుల పేజీలూ, కాలేజీల ప్రకటనలూ కెరీర్ మాస్టారి స్థానంలో కూర్చున్నాయి. ప్రకటన తనకు కావలసిన పిల్లవాణ్ణి వెతుక్కుంటుందే గానీ, పిల్లవాడికి కావలసిన దారిని వెతకదు.

నేను చేసిన తప్పు

ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. పేరు వద్దు. చదువు అంతంత మాత్రం. చేతులు మాత్రం బంగారం. బళ్లో బోరు మోటారు ఆగిపోతే మెకానిక్కు వచ్చేలోపు వాడే విప్పి చూసేవాడు. అత్తెసరు మార్కులతో పది పాసయ్యాడు. తండ్రి వచ్చి, “మావాణ్ణి ఏంట్లో వెయ్యమంటారు సార్?” అని అడిగాడు. లెక్కలు రావు కాబట్టి సీఈసీలో చేర్చమన్నాను. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. రెండేళ్లు పోయాయి. చివరికి ఒక రిపేరు షెడ్డులో చేరి, దెబ్బలు తిని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, బాగానే ఉన్నాడు. కొన్నేళ్ల కింద నా బండి బాగుచేస్తూ నవ్వుతూనే అడిగాడు, “ఐటీఐ అని ఒకటుందని మీకు అప్పుడు తెలీదా సార్?”

తెలుసు. పేరు తెలుసు. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ ట్రేడుకు ఎన్నాళ్లో, తర్వాత అప్రెంటిస్‌గా ఎలా చేరాలో తెలియదు. ఐటీఐల్లో వృత్తి శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. అన్నేళ్ల తర్వాత కూడా ఒక హైస్కూలు మాస్టారికి వాటి వివరం తెలియకపోవడం నా ఒక్కడి బద్ధకమేనా? కొంత అవును. మిగతాది మాత్రం మాకు నేర్పని చదువుదే.

ఇప్పుడు ఏం మారింది

2020 జూలైలో ప్రకటించిన జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే చేతిపనుల పరిచయం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి వారి దగ్గర పని చూడమంది. మన రాష్ట్రంలో పాఠశాల విద్యాశాఖ యునిసెఫ్ సహకారంతో కెరీర్ పోర్టల్ కూడా తెచ్చింది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది ఉపాధ్యాయులకు శిక్షణలు ఇస్తోంది. మన పల్నాడు జిల్లాలోనే బోయపాలెంలో డైట్ ఉంది. నా కాలంలో సమాచారం దొరకేది కాదు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే వరదలా వస్తోంది. ఆ వరదలో పిల్లవాడి చెయ్యి పట్టుకునే మనిషికే కరువు.

ఆ మనిషిని తయారుచేయాలంటే ఏం నేర్పాలి? నా అనుభవంలో నాలుగు.

మొదటిది, దారుల పటం. ఇంటర్ గ్రూపులతో పాటు ఇంటర్ వృత్తి విద్యా కోర్సులు, పాలిసెట్ రాసి చేరే మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడులో చేరే వీలు, ఐటీఐ, వ్యవసాయ పాలిటెక్నిక్, పది మార్కులతో చేరే ట్రిపుల్ ఐటీ. పటంలో ఏ దారీ మూసుకుపోయినట్టు ఉండదు. పాలిటెక్నిక్ నుంచి బీటెక్‌కు వంతెన ఉందని తెలిసిన తండ్రి సగం భయం వదిలేస్తాడు.

రెండోది, వినడం. మాస్టార్లకు చెప్పడం వచ్చు, వినడం రాదు. మార్కుల కాగితం చూడకముందే పది నిమిషాలు పిల్లవాడి మాట వినాలి. దీన్ని ఉపన్యాసంతో నేర్పలేం. ఉపాధ్యాయులు ఇద్దరిద్దరు కూర్చుని సాధన చేయాలి.

మూడోది, తల్లిదండ్రులతో మాట. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. పది అయ్యేసరికి అమ్మాయికి పదిహేనేళ్లు. చట్టం ప్రకారం పెళ్లి వయసు పద్దెనిమిది. మధ్యలో ఉన్నది సరిగ్గా ఒక డిప్లొమాకు పట్టే కాలం. ఈ లెక్క తండ్రికి గౌరవంగా, ఓపికగా చెప్పగలిగిన మాస్టారు ఒక కుటుంబం తలరాతే మార్చగలడు.

నాలుగోది, తన కళ్లజోడు తాను తుడుచుకోవడం. కులాన్ని బట్టి, తండ్రి పనిని బట్టి ‘వీడికి ఇది చాలు’ అని మనసులో అనుకునే అలవాటు మాలో ఉండేది. వినుకొండలో పుట్టిన జాషువ కూడా ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పుట్టుకను చూసి మనిషిని కొలవడం ఎంత తప్పో ఈ గడ్డ మీద వేరే చెప్పాలా?

వీటన్నిటికంటే ముందు టైంటేబుల్లో వారానికి ఒక్క పీరియడు కావాలి. బోస్టన్‌లో 1909లో ఇవ్వనిదీ, మనకు ఇంతవరకూ దక్కనిదీ అదే.

మన సంఘం చేయగలిగినది

పీరియడు ఇవ్వడం మన చేతుల్లో లేదు. కానీ దాన్ని నింపే మనుషులు మన దగ్గర ఉన్నారు. ఈ యాభై ఏళ్లలో మన బడి నుంచి వెళ్లినవారిలో నర్సులు, లైన్‌మెన్లు, బ్యాంకు ఉద్యోగులు, రైతులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, లారీ యజమానులు ఉన్నారు. ఏటా పదో తరగతి పిల్లల ఎదుటకు పదిమందిమి వెళ్లి మనం చేసే పని, దానికి చదివింది, అందులో పడ్డ కష్టం దాచకుండా చెబుదాం. సన్మానాలూ శాలువాలూ వద్దు. ఇద్దరు ఉపాధ్యాయులు ముందుకొస్తే శిక్షణకు పోయిరావడానికయ్యే ఖర్చు సంఘం పెట్టుకోవాలని నా మనవి. వారిలో ఒకరు తప్పనిసరిగా ఉపాధ్యాయిని కావాలి. ఒకరికి బదిలీ అయినా రెండోవారు మిగులుతారు.

నా రెండు నిమిషాల సలహాలను వెనక్కి తీసుకోలేను. నా షెడ్డు శిష్యుణ్ణి మాత్రం అడిగి పెట్టాను. పిల్లలకు మోటారు విప్పి చూపించడానికి మొదటి రోజు వాడే వస్తానన్నాడు.