చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసుశెట్టి

తెలుగు సీమ ముగిసి తమిళ సీమ ప్రారంభమగు నెల్లయందు వెలసిన నగరము చెన్నపట్టణము. 1639లో దామర్ల నాయకుల యనుమతితో ఇంగ్లీషు కంపెనీవారు సముద్రతీరమున నెలకొన్న నాటినుండియు, బేరి తిమ్మప్ప మొదలగు తెలుగు వర్తకులును దుబాసీలును అచ్చట కాపురము లేర్పరచుకొనిరి. కోమట్లు, బలిజలు, సాలెలు వారి ననుసరించి వచ్చి స్థిరపడిరి. ఆ నగరమున ధనము గడించిన తెలుగువారు పెక్కండ్రు. గుళ్లును సత్రములును కట్టించినవారును కలరు. కాని గడించిన ధనమును పాలకుల యన్యాయమును ప్రశ్నించుటకు వెచ్చించినవారు అరుదు. అట్టివారిలో ముందుగా నెన్నదగినవాడు గాజుల లక్ష్మీనరసుశెట్టి.

ఆయన 1806లో చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులుశెట్టి నీలిమందు వర్తకుడు. లక్ష్మీనరసు చదువు ముగించి తండ్రి వ్యాపారమున ప్రవేశించి, దానిని వృద్ధిచేసి సంపన్నుడయ్యెను.

ఆ కాలమున మతప్రచారకులకు కొందరు ప్రభుత్వోద్యోగుల ప్రాపు లభించుచున్నదని నగరమున హిందువులలో నాందోళన కలిగెను. వారి పక్షమున వాదించుటకు పత్రిక లేకుండెను. 1844లో శెట్టిగారు ఎడ్వర్డు హార్లీ సంపాదకత్వమున ‘క్రెసెంట్’ అను ఇంగ్లీషు పత్రికను వెలువరించిరి. ప్రభుత్వ పాఠశాలలో బైబిలును పాఠ్యముగా జేర్చు ప్రయత్నము జరిగినపుడు 1846లో మహాసభ జరిపి ప్రతిఘటించిరి. హిందువుల స్థితిని మెరుగుపరచుట ఈ పత్రిక ముఖ్యోద్దేశము.

మతవిషయకమైన ఈ కృషి క్రమముగా రైతుల కష్టములవైపు మరలెను. 1852లో ఆయన నాయకత్వమున ‘మద్రాసు నేటివ్ అసోసియేషన్’ స్థాపితమయ్యెను. కంపెనీ సన్నదు మరల పార్లమెంటు విచారణకు రానున్న సమయమది. ఆ సంఘము పార్లమెంటునకు విన్నపము పంపి, భూమిశిస్తు భారమును, మగ్గముల మీదను చేతిపనుల మీదను విధించు మొతర్ఫా పన్నును, బాటలు లేమిని, విద్యకు జరుగు నుపేక్షను వివరించెను. 1853 నాటి చట్టము ఈ కోరికలను తీర్చలేదు. అయినను ఆ విన్నపము వ్యర్థము కాలేదు.

1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సీమూరు చెన్నరాజధానికి రాగా, శెట్టిగారు ఆయనకు రైతుల స్థితిని ప్రత్యక్షముగ జూపించిరి. శిస్తు వసూలుకై రైతుల వ్రేళ్లను కిట్టి యను కొయ్య సాధనమున బిగించి నొక్కుట, మెడకు కాళ్లకు త్రాడు కట్టి ఎండలో వంచి నిలుపుట మొదలగు హింసలు అపుడు వాడుకలో నుండెను. సీమూరు 1854లో కామన్సు సభయందు ఈ విషయమును లేవనెత్తెను. కంపెనీ పక్షమువారు దీనిని సులభముగ నమ్మలేదు. అయినను విచారణసంఘ మేర్పడెను; 1855లో వెలువడిన దాని నివేదిక శిస్తు వసూలునందును, నేరవిచారణయందును హింస జరుగుచున్నదని ధ్రువపరచెను. ఆ రోజులలో శిస్తు వసూలుచేయు చేతులలోనే పోలీసు అధికారము కూడ నుండుట ఈ దుర్నయమునకు మూలకారణములలో నొకటి. 1859 నాటి 24వ చట్టముచే చెన్నరాజధానిలో పోలీసుశాఖ ప్రత్యేకముగ నేర్పడెను.

ప్రభుత్వము శెట్టిగారికి సి.ఎస్.ఐ. బిరుదము నిచ్చెను. 1863లో ఆయన చెన్నరాజధాని శాసననిర్మాణ సభకు సభ్యుడుగ నియమితుడయ్యెను. అది ప్రజలెన్నుకొన్న పదవి కాదు. ఆ సభ యధికారములును స్వల్పములు. అయినను ఏ ప్రభుత్వమును విమర్శించెనో ఆ ప్రభుత్వమే ఆయనను సభకు పిలువవలసి వచ్చుట గమనింపదగినది.

పత్రికకును ప్రజాకార్యములకును వెచ్చించి వెచ్చించి ఆయన సంపద హరించిపోయెను. 1868లో పేదరికముననే మరణించెను. ఆయన సంఘమునకు ధనికులగు నగరవర్తకులే ముఖ్యాధారమగుటచే అది పల్లెలలో వ్రేళ్లూనలేదు. నాయకుడు లేనిపిదప క్షీణించెను. 1884లో చెన్నపురి మహాజనసభ వెలసిన పిమ్మటగాని ఆ కృషి బలముగ కొనసాగలేదు.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు చెన్నపట్టణము తమిళుల పక్షమున నిలిచెను. అచ్చట నిలిచిపోయిన తెలుగువారికి శెట్టిగారి జీవితమున నొక పాఠము గలదు. కిట్టి బాధ ననుభవించిన రైతులలో తెలుగువారును తమిళులును గలరు. ఆయన వారిలో భేదమెంచలేదు. తాను స్థిరపడిన నేలపై నివసించు నెల్లరి కష్టమును తన కష్టముగ దలచెను. తరతరములుగ నొకచోట నివసించినవారికి ఆ చోటు స్వస్థలమగుట అట్టి కృషివలననే.