హైదరాబాదు మోటారులు, క్లచ్చు మరమ్మతు

అబిడ్సునకు ఆ పేరు ఆర్మీనియా జాతీయుడగు ఆల్బర్ట్ అబీద్ వలన వచ్చినది. ఆయన ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువులో నుండి, ఇచ్చట అంగడి నడిపెను. 1907లో నాంపల్లి రైలు స్టేషను వెలసినది. మోటారు మాత్రము ఈ నగరమునకు మొదట ప్రభువుల వేడుకగనే వచ్చినది. మహబూబు అలీఖాను తెప్పింపదలచిన రోల్సురాయిసు సిల్వర్ ఘోస్టు కారు చేరకమునుపే 1911లో ఆయన కాలధర్మము నొందెను. 1912 నాటి ఆ పసుపువన్నె సింహాసనపు కారును ఇప్పుడు చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును.

ఆ కాలపు కార్లలో క్లచ్చు గరాటు ఆకారమున నుండెడిది. ఇంజను వెనుక తిరుగు బరువైన చక్రపు గుంటలో, తోలు తొడిగిన గరాటు వంటి భాగము స్ప్రింగు బలముతో బిగిసికొనును. పెడలు త్రొక్కిన విడిపోవును. తోలు ఎండినచో పట్టు ఒక్కసారిగా తగిలి బండి కుప్పించి యెగురును. నూనె ఎక్కినచో పట్టు జారును. ఎండినదానికి ఆముదము, జారుదానికి ముల్తానీమట్టి, ఇవి ఆనాటి వైద్యములు. ఆముదపు పంటకు పేరుబడిన తెలంగాణమున ఆ మొదటి మందునకు కొదువ యేమి!

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. అంతట మోటారు సామాన్యునిదయ్యెను. క్లచ్చు దారిలో జారెనా, సంతకు బయలుదేరిన రైతు మూటతో సహా రోడ్డుమీద నిలువవలసినదే. ఆ శాఖ వారసత్వమే 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు సంక్రమించినది.

తరువాతి కాలమున వచ్చిన అంబాసిడరు, ఫియట్ కార్లలో తోలు గరాటు పోయి, ఇరుప్రక్కల లైనింగు గల ఒంటి పళ్ళెము వచ్చెను. దానిని కంటితో చూడవలెనన్న గేరుబాక్సునో ఇంజనునో దింపవలెను. టాక్సీవానికి అది ఒక దినపు కూలి. కావున నేర్పరియగు మిస్త్రీ విప్పకముందే రోగమును కనుగొనును. చక్రములకు రాళ్ళు పెట్టి, చేతిబ్రేకు బిగించి, పై గేరు వేసి, పెడలును మెల్లగా వదలును. ఇంజను తక్షణమే ఆగినచో పట్టు మంచిది. ఆగక తిరుగుచుండినచో పళ్ళెము జారుచున్నది. అప్పుడైనను తొందరపడరాదు. పెడలుకు పైభాగమున సుమారొక అంగుళము వదులు ఉండవలెను. అది లేనిచో పళ్ళెముపై ఒత్తిడి ఎల్లప్పుడు కొంత తగ్గియేయుండును; కడ్డీ మీది నట్టు త్రిప్పిన సరిపోవచ్చును. వదులు మితిమీరినచో పళ్ళెము పూర్తిగా విడివడక, గేరు వేయునప్పుడు కరకరలాడును. కదలునప్పుడు బండి వణికినచో లైనింగునకు ఇంజను నూనె తగిలినదేమోయని అనుమానింపవలెను. నూనె కారు చోటు మూయక క్రొత్త లైనింగు వేయుట డబ్బు దండుగ.

అనేక బ్రిటిషు కార్లలో పెడలు ఒత్తిడిని గ్రాఫైటు కడియమొకటి మోయును. ఊరకే పెడలుపై కాలు మోపియుంచు డ్రైవరు దానిని త్వరగా అరగదీయును. లైనింగు రివెట్ల తలలవరకు అరిగినచో ఆ తలలు చక్రపు ముఖమును గీరివేయును. పిదప లేతు మీద చదును చేయించవలసివచ్చును.

ఆ పాత లైనింగులలో రాతినార ఉండెడిది. విప్పినప్పుడు ఆ ధూళిని నోటితో ఊదివేయుట మిస్త్రీలలో చాలమందికి అలవాటు. అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు నిశ్చయముగా తెలిసినది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయవలెను.